కదలని మబ్బు

"ఆంజనమ్మ వెనిస్‌లో తప్పిపోయిందా, పారిపోయిందా? ముందు ఆ ఒక్కటీ తేల్చి చెప్పండి," అన్నాను.

అమర్నాథ్ భార్య మొహం చూశాడు. ప్రమీల సూట్‌కేసుల వైపు చూసింది. ఆ ఉదయమే ఇటలీ నుంచి దిగారు. సూట్‌కేసులన్నీ విమానం చీటీలతో సహా హాల్లో అలాగే నిలబడి ఉన్నాయి. ముందే అనుకుని పెట్టుకున్న జవాబైతే మొగుడూ పెళ్ళాం అలా దిక్కులు చూడనక్కర్లేదు. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదన్నమాట.

"పారిపోయిందండీ," అన్నాడు అమర్నాథ్ చివరికి. "చెప్పుకోడానికి మాకే సిగ్గుగా ఉంది. ఇంట్లో మనిషిలా చూసుకున్నాం."

ఈ 'ఇంట్లో మనిషిలా' అనే మాట దోహాలో ఎన్ని ఇళ్ళల్లో విన్నానో! ఇంట్లో మనిషైతే పెరట్లో, సరిగ్గా పనిచేయని ఏసీ కింద ఎందుకు పడుకుంటుందో ఎవరూ చెప్పరు. నాకు ఒళ్ళు మండింది. మండినా పైకి కనబడనివ్వలేదు.

నా పేరు రెహానా. మాది రాయచోటి. దోహాలో ఒక బీమా కంపెనీ తరఫున క్లెయిముల విచారణ చేస్తాను. చచ్చిపోయినవాళ్ళు ఎలా చచ్చిపోయారో, తగలబడినవి ఎలా తగలబడ్డాయో తెలుసుకోవడం నా ఉద్యోగం. అమర్నాథ్‌ది భీమవరం. ప్రపంచ కప్పు ఇంకో ఐదు నెలల్లోకి వచ్చేసింది. స్టేడియం చుట్టూ జరుగుతున్న చివరి పనులకు మనుషుల్ని సప్లై చేసే కంపెనీ అతనిది. ఆ కంపెనీలో తాపీపని చేసే లింబాద్రి అనే నిర్మల్ మనిషి రెండు వారాల కింద చనిపోయాడు. దోహాకు ఉత్తరాన, అల్ ఖోర్‌లోని కూలీల క్యాంపులో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడని కంపెనీ రాసిచ్చింది. ఆ విచారణ నాకు వచ్చింది.

అయితే చనిపోయిన రోజు మధ్యాహ్నం లింబాద్రి అల్ హిలాల్‌లోని ఈ విల్లాకే వచ్చాడు. వెనక గుమ్మం దగ్గర అతనికి మంచినీళ్ళిచ్చింది ఈ ఇంటి పనిమనిషి ఆంజనమ్మ. కాసేపటికి గరాజ్‌లో అరుపులు వినిపించాయని, ఆ తర్వాత ఆ మనిషి నడుచుకుంటూ బయటికి పోవడం తాను చూడలేదని మొగుడికి చెప్పింది. మొగుడు తిమ్మప్ప అబూ హమూర్‌లో ఇంకో ఇంట్లో హౌస్ డ్రైవర్. అతను వచ్చి నాకు చెప్పాడు. నేను ఆమెతో మాట్లాడేలోపే అమర్నాథ్ కుటుంబం పది రోజుల సెలవులకని వెనిస్ విమానం ఎక్కేసింది. ఆంజనమ్మనూ వెంట తీసుకెళ్ళామన్నారు. అక్కడ చేరిన రోజుదంటూ ఆమె నంబర్ నుంచి తిమ్మప్పకు ఒక ఫోటో వచ్చింది, నాకు చూపించాడు. ఇప్పుడు తిరిగి వచ్చినవాళ్ళలో ఆమె లేదు. ఆమె దొరక్కపోతే లింబాద్రి నిద్రలో పోయినట్టే లెక్క.

"ఎప్పుడు పారిపోయింది?"

"మూడో రోజు పొద్దున. హోటల్లో టిఫిన్‌కి రాలేదు," అన్నాడు అమర్నాథ్.

"సాయంత్రం కదండీ," అంది ప్రమీల వెంటనే. "పడవ దిగాక, ఆ పావురాలుండే చోట..."



"పొద్దుటి నుంచి కనపడలేదు, సాయంత్రం దాకా వెతికాం అని ఆవిడ ఉద్దేశం," అని సర్దాడు అమర్నాథ్.

"అక్కడి పోలీసులకు చెప్పారా?"

"అదంతా మా సెక్యూరిటీ మేనేజర్ రఫీయుద్దీన్ గారు చూసుకుంటున్నారండీ. హైదరాబాద్‌లో పోలీసుగా చేసిన మనిషి."

"ఆయనా వెనిస్ వచ్చాడా?"

"లేదండీ. ఇక్కణ్ణుంచే, ఫోన్లో."

"మీరు లేనన్నాళ్ళూ ఈ ఇల్లు ఎవరు చూసుకున్నారు?"

"ఎవరూ లేరు, తాళం వేసి వెళ్ళాం," అంది ప్రమీల. "తాళాలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. పురుగు కూడా లోపలికి రాలేదు."

నాకు కావలసిన మాట అదే. "ఆంజనమ్మ గది చూస్తాను," అని లేచాను.

అమర్నాథ్ కూడా లేచాడు. "మేడమ్, ఈ ఏడాది మా మీద ఎన్ని కళ్ళున్నాయో మీకు తెలుసు. ఒక్క చావు గురించి ఒక్క వార్త వచ్చినా మా కాంట్రాక్టు పోతుంది. రెండు వేల మంది రోడ్డున పడతారు."

"ఆ రెండు వేల మంది సంగతి మీరు చూసుకోండి. నేను ఇద్దరి కోసమే వచ్చాను," అని వంటింటి దారి పట్టాను.

గది ప్రహరీ గోడను ఆనుకుని ఉంది. తలుపు తీయగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. పరుపు చుట్టి మంచం తలవైపు పెట్టేశారు. గోడ మేకులకు ఒక్క గుడ్డ లేదు. పది రోజులు మూసి ఉంచిన గదిలో ఫినాయిల్ ఇంత ఘాటుగా ఉండదు. కానీ 'ఇవాళ పొద్దున నేనే తుడిచాను' అని ప్రమీల అంటే నేను నోరు మూసుకోవాలి. సూట్‌కేసు విప్పే ఓపిక లేని మనిషి పనిమనిషి గది తుడిచిందంటే నేను నమ్మను, పోలీసులు మాత్రం నమ్ముతారు.

పక్కనే బాత్‌రూమ్. మూలన ప్లాస్టిక్ బకెట్, దాని మీద బోర్లించిన స్టీలు పళ్ళెం. పళ్ళెం ఎత్తాను. ముప్పాతిక వంతు నీళ్ళున్నాయి. వేలు ముంచితే చల్లగా తగిలాయి.

దోహా ఎండాకాలం ఎరగనివాళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు. జూన్ వచ్చిందంటే మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు కాగిపోతాయి. చన్నీళ్ళ కుళాయి తిప్పినా చెయ్యి పెట్టలేం. అందుకని పనిమనుషులు, డ్రైవర్లు, క్యాంపుల్లో కూలీలు రాత్రే బకెట్ పట్టి, మూత పెట్టి, నీడలో ఉంచుకుంటారు. పొద్దున స్నానానికి ఆ నీళ్ళే. పెద్దవాళ్ళ బాత్‌రూముల్లో నీళ్ళను చల్లబరిచే మిషన్లుంటాయి కాబట్టి వాళ్ళకు ఈ అవస్థ తెలియదు. మేకుల మీది గుడ్డలతో సహా అన్నీ మాయం చేసినవాళ్ళు దీన్ని మాత్రం ఉత్త బకెట్ అనుకుని వదిలేశారు.

పది రోజుల కిందటి నీళ్ళయితే పైన తెట్టు కట్టి ఉండాలి. ఇవి తేటగా ఉన్నాయి.

బయటికి వచ్చి చుట్టూ చూశాను. గది వెనక, నీడ పడే చోట, పాత పెయింట్ డబ్బాలో కరివేపాకు మొక్క ఉంది. ఈ ఎండకు రెండు రోజులు నీళ్ళు పోయకపోతే పుల్లలు మిగులుతాయి. ఇది నిగనిగలాడుతోంది. మట్టిలో వేలు గుచ్చితే తడి తగిలింది.

 నిన్న రాత్రి దాకా ఈ గదిలో ఒక మనిషి ఉంది. పొద్దున స్నానం చేస్తాననే ధీమాతో బకెట్ పట్టుకుని పడుకుంది.

"ఏం దొరికింది రెహానా బీ? కరివేపాకా? పప్పుల వేసుకుంటవా ఏంది?"

రఫీయుద్దీన్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, చేతిలో రెండు ఫోన్లు. నా పోయిన రెండు కేసుల్లో నాకంటే ముందు సాక్షుల ఇళ్ళకు చేరింది ఈ మహానుభావుడే. నేను వెళ్ళేసరికి సాక్షులందరికీ ఒకేసారి మతిమరుపు వచ్చేది.

"మీకెందుకప్పా శ్రమ? ఈడికి నేను వస్తాండానని ఎవరు చెప్పినారు?" అన్నాను.

"నా డ్యూటీ గదే కద. జర చెప్పు, పనిమనిషి ఇటలీల ఉరికిపోతే బీమా కంపెనీకి ఏం నొప్పి?"

"ఆ పనిమనిషి లింబాద్రిని ఈ ఇంట్లో చూసింది కాబట్టి."

"లింబాద్రి అల్ ఖోర్‌ల సచ్చిండు. డాక్టర్ రాసిండు, నువ్వు కూడ సదివినవు. ఆమె సంగతంటవా? ఫోటో జూడలేదా? నీళ్ళు, పడవ, ఆకాశం. ఇంకేం సాక్ష్యం గావాలె నీకు?"

"ఒక్క ఫోటోతో సరిపోతాదా?"

"ఒక్కటేంది?" రఫీయుద్దీన్ నవ్వాడు. "రెండోది తిమ్మప్ప జూపెట్టలేదా? జూపెట్టడులే. పెండ్లాం ఇంకోనితోని పోయినంక ఏ మొగోడు జూపెడ్తడు?"

నేను కరివేపాకు రెమ్మ ఒకటి తుంచి చేతిలో పట్టుకున్నాను. లేకపోతే నా చెయ్యి అతని చెంప మీదికి పోయేదేమో.

"ఇంకో మాట," అన్నాడు నేను పక్క నుంచి వెళ్తుంటే. "ఆ తిమ్మప్ప డ్యూటీ ఇడిచిపెట్టి నీ ఎంబడి తిరుగుతున్నడని వాళ్ళ సేట్‌కు ఒక్క ఫోన్ కొడితే ఖలాస్. రేపే ఫ్లైట్ ఎక్కిస్తడు. పాపం గరీబోడు, ఆగం జేయకు."

 నా తల నిండా ఒకటే ప్రశ్న తిరుగుతోంది.

తిమ్మప్ప పక్క వీధిలో సేట్ కారు ఆపుకుని కూర్చున్నాడు. లక్కిరెడ్డిపల్లె మనిషి, నలభై దాటాయి, గడ్డం చేసుకుని ఎన్నాళ్ళయిందో. నేను ఎక్కీ ఎక్కగానే అడిగాను.

"రెండో ఫోటో ఏది?"

అతని మొహం నల్లబడింది. "ఏ ఫోటో అక్కా?"

"నాకు చూపీకుండా దాచిపెట్టిండావే, అది."

తిమ్మప్ప స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "ఎట్ల చూపిచ్చేదక్కా?" అన్నాడు.  "నా పెండ్లాం ఇంకొకనితో పోయిందని రాసింటే, దాన్ని పట్టుకోని ఊరంతా తిరిగేదా? మా అమ్మకు గూడా చెప్పలా. నీకు దప్ప ఎవురికీ తెలీకూడదని, నీకు గూడా చెప్పలా."

"ఎవురికీ చెప్పలేదా? ఖాయమా?"

"మా బిడ్డ మీద ఒట్టు."

"అట్లయితే రఫీయుద్దీన్‌కు ఎట్ల తెలిసింది?"

తిమ్మప్ప నా వైపు తిరిగాడు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఫోన్ తీసి ఇచ్చాడు.

ఆంజనమ్మ నంబర్ నుంచి వచ్చిన మెసేజ్. 'నేను ఇక్కడ వేరే మనిషితో ఉంటున్నాను. తిరిగి రాను. నన్ను వెతకొద్దు.'

"ఆంజనమ్మకు చదువొచ్చునా?"

"యాడ చదువక్కా! ఎప్పుడూ వాయిస్సే పెడతాది. ఆ పోయినోడే రాసిచ్చినాడేమో అనుకొన్యా."

అనుమానం ఎంత పనిచేస్తుందో చూడండి. చదువు రాని పెళ్ళాం పేరుతో రాతలో మెసేజ్ వస్తే, రాసింది ఎవడని ఈ మనిషి అడగలేదు. రాసినవాడే ఆమెను తీసుకుపోయినవాడని కుమిలిపోయాడు. ఇంతకన్నా సులువుగా ఎవరి నోరూ నొక్కలేరు.

మెసేజ్ కింద ఫోటో ఉంది. ఆకుపచ్చ చుడీదార్‌లో ఆంజనమ్మ, పక్కన కాలువ నీళ్ళు, నల్లటి పడవ కొస, మూడు గుండ్రటి బుడ్లున్న దీపస్తంభం. పైన నీలాకాశం. వెనిస్ చేరిన రోజుదని నేను ఇంతకుముందే చూసిన మొదటి ఫోటో కూడా తెరిచాను. అందులో నీలం చుడీదార్. అదే కాలువ, అదే దీపస్తంభం. ఒకే చోట రెండు రోజులు నిలబడటంలో తప్పేమీ లేదు.

కానీ రెండింటిలోనూ దీపస్తంభం మీద ఒక తెల్లమబ్బు ఉంది. ఒక పక్క కొరికిన దోసెలా ఉంది. మొదటి ఫోటోలో ఎడమవైపు బుడ్డిని ఆనుకుని ఉంది. మూడు రోజుల తర్వాతి ఫోటోలోనూ ఎడమవైపు బుడ్డినే ఆనుకుని ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.

"యా అల్లా!" అన్నాను పైకే.

"ఏమైందక్కా?"

"ఇది వెనిస్ కాదప్పా. ఇది ఆకాశమూ కాదు."

దోహాలోనే ఒక పెద్ద మాల్ ఉంది. లోపల వెనిస్ మాదిరిగా కాలువ కట్టి, పడవలు తిప్పుతారు. పైకప్పుకు నీలం రంగు వేసి మబ్బులు గీశారు. పోయిన రంజాన్‌కు బట్టలు కొనడానికి వెళ్ళి ఆ కాలువ పక్కనే నిలబడి నేను టీ తాగాను. అయినా గుర్తుపట్టలేదు. వెనిస్ అని ముందే చెప్పారు కాబట్టి నేనూ వెనిస్సే చూశాను. ప్రమీల షాపింగ్‌కు వెళ్ళినప్పుడల్లా సంచులు మోయడానికి ఆంజనమ్మ వెంట వెళ్ళేదని తిమ్మప్పే నాకు చెప్పాడు. అప్పుడెప్పుడో తీసిన ఫోటోలు ఇప్పుడిలా పనికొచ్చాయి.

మాల్ పేరు చెప్పగానే తిమ్మప్ప నోరు తెరిచాడు. "ఆ మాలా? మా మేడంను వారానికి రెండు తూర్లు ఆడనే దింపుతా కదక్కా! ఎప్పుడూ పార్కింగ్‌లోనే. ఒక శుక్రవారం నీళ్ళ సీసా కొనుక్కుందామని పోతే, ఫ్యామిలీ డే, ఒంటిగా వచ్చిన మగోళ్ళకు మాఫీ, లోపలికి లేదు పో అని గేటు కాడ ఆపేసినారు. అందురి ముందర తల కొట్టేసినట్లయింది. మళ్ళా ఆ గడప తొక్కలా. లోపల కాలవ ఉండాదని నాకెట్ల తెలుస్తాది?"

తెలియదని రఫీయుద్దీన్‌కు తెలుసు. డ్రైవర్లు, కూలీలు ఏ తలుపు దగ్గర ఆగిపోతారో తెలిసినవాడే ఈ ఫోటోలు ఏరాడు. ఫోటో చూసి అందరూ నమ్మారు కాబట్టి ఆంజనమ్మ పాస్‌పోర్ట్ మీద దేశం దాటిందా లేదా అని ఎవరూ అడగలేదు. ఇటలీలో పారిపోయిన మనిషి కోసం దోహాలో ఎవరు వెతుకుతారు?

"అయితే ఆంజనమ్మ..."

"యాడికీ పోలేదు. నిన్న రేత్రి దాకా ఆ గదిలోనే ఉండాది. కరివేపాకుకు నీళ్ళు పోసుకుంటా." రెమ్మ అతని చేతిలో పెట్టాను.

తిమ్మప్ప ఆ రెమ్మను చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఆ చెట్టు నేను తెచ్చిచ్చిందే అక్కా. వారం దినాలు దాన్ని నోటికొచ్చినట్ల తిట్టినా. సచ్చినా మొగం చూడనని అనుకొన్యా." అతని ఏడుపు చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి, కోపం నషాళానికి అంటింది. ఆ కోపమే నా కొంప ముంచింది.

ఎందుకంటే సరిగ్గా అప్పుడు రఫీయుద్దీన్ వచ్చి కారు అద్దం మీద తట్టాడు. "ఇంక పోలేదా మీరు? యల్లా, యల్లా, నడువుండ్రి. ఈడ నిలబడొద్దు."

నేను అద్దం దించాను. నోరు మూసుకుని వెళ్ళిపోయి ఉంటే సరిపోయేది. నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, ఆమె దేశం దాటలేదని కంప్యూటర్‌లో చూసి నిమిషంలో చెప్పేవాళ్ళు. కానీ రెండు కేసులు ఓడిపోయిన మంట ఒకటి లోపల ఉంది.

"ఒక్క అనుమానం తీర్చు రఫీ సాబ్. వెనిస్‌లో మబ్బులు మూడు దినాలు ఒకే దీపం మీద కూర్చుంటాయా? లేకుంటే సున్నం కొట్టేటోళ్ళు గీసిన మబ్బులా అవి?"

అతని నవ్వు ఆగిపోయింది. ఆ మొహం చూడటం కోసమే ఆ మాట అన్నాను, చూశాను, ఎంతో తృప్తిపడ్డాను.  అతను వెనక్కి తిరిగి నడుస్తూ చేతిలోని రెండు ఫోన్లలో ఒకటి చెవికి పెట్టుకున్నాడు. నా తృప్తి అక్కడే సగం చచ్చింది.

"పోనీ తిమ్మప్పా, స్టేషన్‌కు. బిరీన."

ప్రపంచ కప్పు కోసం తవ్వని రోడ్డు లేదు ఆ రోజుల్లో. రెండు చోట్ల దారి మళ్ళించి చివరికి పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి పావుగంట పైనే పట్టింది. ముందు సిగ్నల్. కుడివైపు తిరిగితే పోలీస్ స్టేషన్, తిన్నగా పోతే అల్ ఖోర్ దారి. తిమ్మప్ప కుడి ఇండికేటర్ వేశాడు.

నా ఒళ్ళో ఉన్న అతని ఫోన్ మోగింది. ఆంజనమ్మ నంబర్.

ఫోటో. ఆంజనమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉంది. జుట్టు రేగిపోయింది, చేతులు రెండూ వెనక్కి ఉన్నాయి. ఆమె వెనక ఉప్పునీళ్ళలో మడచెట్లు, వాటి మీద దుమ్ముతో తెల్లబడిన ఆకాశం. ఆ మడచెట్లు ఎవరికి తెలియవు? అల్ ఖోర్ తీరమది. కింద రాత: 'వెనిస్‌లో సముద్రం చాలా బాగుంది. ఈసారి ఒక్క మబ్బు కూడా లేదు. రెహానా మేడమ్‌కు చూపించు.'

"బతికే ఉండాది!" అని అరిచాడు తిమ్మప్ప. "అక్కా, బతికే ఉండాది!"

 ఆమెను ఆ నీళ్ళలో నిలబెట్టింది నా నోరే.

సిగ్నల్ పచ్చబడింది. తిమ్మప్ప కుడివైపుకు స్టీరింగ్ తిప్పాడు. కారు ముందు చక్రాలు మలుపు తిరిగాయో లేదో, ఫోన్ మళ్ళీ మోగింది. అదే చోటు, అదే ఆకాశం. నీళ్ళు మాత్రం నడుం దాకా వచ్చాయి. 'కొంచెం లోపలికి వెళ్తున్నాను.'

వెనక అద్దంలో చూశాను. మాతో పాటు ఒక తెల్ల పికప్ కూడా కుడివైపు తిరుగుతోంది. డ్రైవర్ పక్కన కూర్చున్నవాడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మా కారునే చూస్తున్నాడు. మేం ఎటు తిరిగేదీ క్షణాల్లో ఆ నీళ్ళ దగ్గరికి చేరుతోంది.

"తిమ్మప్పా, ఇండికేటర్ తీసెయ్. తిన్నగా పో."

"స్టేషన్ అక్కా..."

"తిన్నగా పో అన్నానా!"

వెనక హారన్లు మోగుతుండగా తిమ్మప్ప కారును మళ్ళీ పెద్ద రోడ్డులోకి తిప్పాడు. అల్ ఖోర్ దారి పట్టాం. ఒళ్ళో ఫోన్ కేసి చూస్తూ కూర్చున్నాను. అది మళ్ళీ మోగలేదు. తెల్ల పికప్ కూడా తిన్నగా మా వెనకే వస్తోంది.